కొన్న విమానమూ, కట్టిన విమానమూ

ఈ సంవత్సరం మన యూనియన్ సర్వసభ్య సమావేశంలో ఖర్చుల పద్దుల కన్నా ఎక్కువసేపు నడిచిన తగువు విమానాల మీద నడిచింది. సైన్సు సంఘం పద్దులో మిగిలిన డబ్బుతో రెండు కెమెరా డ్రోన్లు కొనాలని కార్యవర్గంలో కొందరన్నారు. అదే డబ్బుతో ఒక వర్క్‌షాపు గది ఏర్పాటు చేసి, మా మిత్రులు నలుగురం కడుతున్న జంట ఇంజన్ల మోడల్ యుద్ధవిమానాన్ని కళాశాల తరఫున పూర్తి చేయనివ్వాలని మరికొందరన్నారు. ఏదీ తేలలేదు. సమోసాలు వచ్చాయి, సభ ముగిసింది. సావనీర్ సంపాదకుడు నా దగ్గరికొచ్చి, "మైకు ముందు అరిచిందంతా కాగితం మీద పెట్టరాదూ" అన్నాడు. పెడుతున్నాను. ఆ నలుగురిలో నేనొకణ్ణి గనుక నా వాదనలో పక్షపాతం ఉంటుందని పాఠకులు ముందే గ్రహించి చదువుకోవచ్చు.

ముందు ఆ వస్తువేమిటో చెప్పాలి. మోడల్ విమానం అనగానే జాతరలో దొరికే ప్లాస్టిక్ బొమ్మ చాలామందికి గుర్తొస్తుంది. మా విమానం రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 2.75 మీటర్లు, అంటే తొమ్మిదడుగులు. మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమనున్న మా ఊళ్ళో, ఎడ్లు అమ్మేశాక ఖాళీగా పడివున్న కొట్టంలో దీన్ని కడుతున్నాం. పూర్తయ్యేసరికి 14 కిలోలు తూగుతుందని అంచనా. ఎగరేసేవాడు నేల మీద నిలబడి చేతిలోని రేడియో పెట్టెతో నడపాలి. రెక్క చివరి పలకలకు, దిగేటప్పుడు వంచే పలకలకు, తోకకు, చుక్కానికి వేరువేరుగా చిన్న సర్వో మోటార్లు ఉంటాయి. చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి. రేడియో సంకేతం తెగిపోతే రెండు ఇంజన్లూ వాటంతట అవే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. అది లేకుండా ఇంత బరువును గాల్లోకి పంపేవాణ్ణి మనిషని అనకూడదు.

మేం ఎంచుకున్నది మస్కిటో. అంటే దోమ. బ్రిటన్‌లోని డి హావిలాండ్ కంపెనీ చేసిన రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానం. 1940 నవంబరు 25న మొదటిసారి ఎగిరింది. లోహానికి కరువొచ్చిన రోజుల్లో దాన్ని చెక్కతో కట్టారు. మధ్యలో బాల్సా, అటూ ఇటూ పల్చటి బర్చ్ ప్లైవుడ్. మొండెాన్ని రెండు సగాలుగా అచ్చుల మీద వంచి, లోపలి తీగెలూ గొట్టాలూ బిగించి, ఆ తర్వాత వేరుశెనగ కాయ రెండు చిప్పలు మూసినట్టు మూసేవారు. కుర్చీలూ బల్లలూ చేసే వడ్రంగులు, పియానోలు చేసేవాళ్ళు ఆ పని చేశారు. మొత్తం 7,781 విమానాలు తయారయ్యాయి. అసలుదే చెక్క విమానం కాబట్టి చెక్కతో మోడల్ కడితే అది వేషం కాదు, అదే పని చిన్న కొలతలో చేయడం. "మనదే అయిన మారుత్ కట్టరాదా, అదీ రెండింజన్లదే కదా" అని ఫిజిక్సు శాఖలో ఒక ఉపన్యాసకులు అడిగారు. న్యాయమైన ప్రశ్న. 1961 జూన్ 17న బెంగుళూరులో ఎగిరిన మారుత్ అంటే మాకూ గౌరవమే. కాని అది జెట్టు. గొట్టాల్లో ఫంకాలు పెట్టి నడపాలి, వేగం ఎక్కువ, మొదటిసారి కట్టేవాళ్ళకు తగదు.

మస్కిటో పట్ల నాకు ఇష్టం కలగడానికి వేరే కారణం కూడా ఉంది. ఆ చెక్క విమానం మీద ఒక నూలుగుడ్డ అతికి, దాని మీద రంగూ వార్నిషూ పట్టించేవారు. ఆ గుడ్డ పేరు మడపోలం. నరసాపురం దగ్గరి మాధవాయపాలెం అన్న మాట ఇంగ్లీషువాళ్ళ నోట్లో నలిగి మడపోలం అయింది. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో అక్కడ బట్టల వ్యాపారపు కొటారు ఉండేది. యుద్ధం నాటికి ఆ గుడ్డ ఎక్కడెక్కడో మిల్లుల్లో నేసిందే, గోదావరి ఒడ్డున నేసింది కాదు. పేరు మాత్రం మిగిలింది. మన నేతగాళ్ళ ఊరి పేరు కప్పుకుని ఆ విమానం యూరపంతా తిరిగిందంటే నాకు తమాషాగానూ ఉంటుంది, కాస్త మంటగానూ ఉంటుంది.

అంతటితో అయిపోలేదు. బ్రిటిష్ వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్‌కు 'హైదరాబాద్ స్క్వాడ్రన్' అని పేరు. 1918లో దానికి మొట్టమొదట ఇచ్చిన డి.హెచ్.9ఏ విమానాలను నిజాం ప్రభువు కానుకగా కొనిచ్చాడు గనుక ఆ పేరొచ్చింది. అదే స్క్వాడ్రన్ రెండో యుద్ధంలో ఇండియాకు వచ్చి, 1945లో బర్మా మీద మస్కిటోలు నడిపింది. ఆ కానుక డబ్బు ఏ పద్దులోంచి తీశారన్నది దివాణం లెక్క. కాని రాజు ఖజానాలోకి వచ్చేది రైతు శిస్తే కదా! ఆ రోజుల్లో మేడ్చల్ తాలూకా అత్రాఫ్ బల్దా జిల్లాలో ఉండేది. ఆ జిల్లా చాలా మటుకు సర్ఫేఖాస్, అంటే నిజాం సొంత ఖర్చుల భూమి. మా ముత్తాతలు గింజ కొలిచి కట్టిన శిస్తులో చిటికెడైనా ఫ్రాన్సు ఆకాశంలో ఎగరలేదని ఎవరు చెప్పగలరు?

అందుకే "యుద్ధవిమానం బొమ్మ ఎందుకు, హింసను పూజించడమా" అని సభలో ఒక సోదరి అడిగినప్పుడు నాకు కోపం రాలేదు. ఆ ప్రశ్న మా కొట్టంలోనూ వచ్చింది. మేం కడుతున్న రకం మస్కిటో ముక్కులో నాలుగు మెషీన్ గన్ల గొట్టాలు, దాని కడుపు కింద నాలుగు ఫిరంగుల మూతులు ఉంటాయి. అవి పెట్టాలా వద్దా అని రెండు సాయంత్రాలు వాదించుకున్నాం. పెట్టాలనే తేల్చాం. ఎనిమిది మూతులూ మూసేసి నున్నగా చేస్తే చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. కాని అప్పుడు అది అబద్ధం చెబుతుంది. అది ఇళ్ళు కూల్చిన యంత్రం. దాన్ని కళాశాలలో నిలబెడితే పక్కనే ఒక బోర్డు పెట్టి, నిజాం కానుక, రైతు శిస్తు, బర్మా, అన్నీ రాయాలని నా అభిప్రాయం. ఆ బోర్డు చరిత్ర శాఖవాళ్ళు రాస్తే ఇంకా మంచిది, మా భాష వాళ్ళంత బాగుండదు.

ఇక అసలు విషయం, రెండింజన్ల సంగతి. జోడెడ్లతో నాగలి దున్నినవాడికి ఇది పుస్తకం అక్కర్లేకుండా అర్థమవుతుంది. కాడి కింద ఒక ఎద్దు ఆగిపోయి రెండోది లాగుతూనే ఉంటే నాగలి ఎటు తిరుగుతుంది? ఆగిన ఎద్దు వైపు. విమానమూ అంతే. మా మోడల్‌లో ఒక్కో ఇంజన్ మధ్యరేఖకు సుమారు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంది. ఒక్కోటి ఆరు కిలోల బలంతో లాగుతుందనుకుందాం. ఒకటి ఆగిందా, మిగిలినదాని తిప్పుడును ఆపడానికి తోక దగ్గర చుక్కాని దాదాపు రెండు కిలోల బలంతో పక్కకు తోయాలి. చుక్కానికి ఆ బలం గాలి వేగం నుంచి వస్తుంది. వేగం సగమైతే బలం నాలుగో వంతే మిగులుతుంది. అంటే నేల విడిచిన తొలి క్షణాల్లో, వేగం తక్కువగా ఉన్నప్పుడు, ఒక ఇంజన్ పోతే చుక్కాని చేతులెత్తేస్తుంది. అప్పుడు నడిపేవాడు చేయాల్సింది ఏమిటో తెలుసా? బాగున్న ఇంజన్ జోరు కూడా తగ్గించి, ముక్కు కాస్త దించి, తిన్నగా ముందున్న పొలంలోనే దిగిపోవడం. మనిషి చేతికి సహజంగా తోచేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. రెండింజన్లుంటే రెండింతలు క్షేమం అనుకుంటాం గాని, అది ఒక వేగం దాటాకే నిజం.

మన ప్రయోగశాలలో ఇంటర్మీడియెట్ నుంచీ లోలకం ఊపి భూమ్యాకర్షణ విలువ కనుక్కుంటున్నాం. జవాబు 980 దగ్గరికి రావాలని ముందే తెలుసు. రాకపోతే రికార్డులో వచ్చేలా చేసే విద్య కూడా సీనియర్లు నేర్పుతారు. ఈ విమానంలో జవాబు ముందే తెలిసింది ఒక్కటీ లేదు. అసలుదానికి ఆరో వంతు కొలత తీసుకుంటే రెక్క వైశాల్యం 36వ వంతుకు, ఘనపరిమాణం 216వ వంతుకు పడిపోతుంది. అసలు మస్కిటో సుమారు 8,000 కిలోల బరువుతో ఉంటే చదరపు మీటరు రెక్క మీద 190 కిలోలు పడతాయి. మా దాని మీద 12 కిలోలు. ఆ 12 మీద లెక్కవేస్తే, గంటకు 48 కిలోమీటర్ల కన్నా నెమ్మదిస్తే రెక్క మోయడం మానేస్తుందని తేలింది. ఆ లెక్కలో గాలి సాంద్రత వేసేటప్పుడు పుస్తకంలోని సముద్రమట్టపు అంకె పనికిరాదు. మనం 500 మీటర్ల పైన ఉన్నాం. పైగా డిసెంబరు గాలి కన్నా మే నెల మధ్యాహ్నపు గాలి నూటికి ఆరు వంతులు పలచన. బి.యస్సీ. మూడేళ్ళలో ఆదర్శ వాయు సమీకరణంతో నాకు నిజంగా పని పడింది అప్పుడే.

మోటార్ల దగ్గర ఇంకో చిత్రం జరిగింది. అసలు మస్కిటోలో రెండు ఫంకాలూ ఒకే వైపు తిరిగేవి. అందువల్ల లేచేటప్పుడు విమానం ఎడమకు గుంజేది. మేం విద్యుత్ మోటార్లు వాడుతున్నాం, ఒక్కోటి దాదాపు 1,500 వాట్లు, అంటే రెండు హార్స్‌పవర్. వాటికి మూడు తీగెలుంటాయి. ఒకదాన్ని ఎదురు తిప్పించడం ఎట్లా అని మేం కాగితాలు తిరగేస్తుంటే, కొట్టం గుమ్మంలో కూర్చున్న మా నాయిన, "బోరు మోటరు ఉల్టా తిరిగితే ఏం జేస్తం? రెండు ఫేజులు మార్చి కట్టుండ్రి" అన్నాడు. అంతే సంగతి. మూడింటిలో ఏ రెండు తీగెలు తారుమారు చేసినా మోటారు ఎదురు తిరుగుతుంది. త్రీ ఫేజు పాఠం మా తరగతిలో రెండో సెమిస్టరులో అయిపోయింది. మార్కులూ బాగానే వచ్చాయి.

చెక్క పనికి వస్తే, బాల్సా దక్షిణ అమెరికా చెట్టు. మన బూరుగు చెట్టుకు చుట్టమే. దూది వలె తేలిక, ధర మాత్రం వెండి వలె. అన్ని భాగాలకూ దాన్నే వాడాల్సిన పని లేదని నా నమ్మకం. నిర్మల్‌లో, కొండపల్లిలో బొమ్మలు చెక్కే పొణికి కర్ర తేలికైనదే. బరువు పడని చోట్ల, ఇంజన్ గూళ్ళ ఆకారాలకూ ముక్కు దిమ్మెకూ, అది ఎట్లా పనిచేస్తుందో తూచి, వంచి, విరిచి చూసి పట్టిక రాయవచ్చు. వృక్షశాస్త్రం వాళ్ళకూ భౌతికశాస్త్రం వాళ్ళకూ కలిపి ఒక ప్రాజెక్టవుతుంది. డ్రోన్ కొంటే పెట్టె మీది అట్ట తప్ప విరిచి చూడ్డానికేముంటుంది?

జిగురు గురించి చెప్పకపోతే మస్కిటో కథ పూర్తికాదు. తొలినాళ్ళలో దాన్ని అతికింది కేసీన్ జిగురుతో, అంటే పాల విరుగుడులోంచి తీసిన పదార్థంతో. 1944లో మన తూర్పు దిక్కున, ఎండకూ వానకూ నానిన మస్కిటోలు కొన్ని గాల్లోనే విరిగి కూలాయి. ఆ నవంబరులో అన్నిటినీ నేల మీద నిలిపేశారు. మన వాతావరణానికి జిగురు పాడైందన్నారు. కంపెనీ నుంచి హియర్‌వర్డ్ డి హావిలాండ్ బృందంతో వచ్చి అతుకులు విప్పించి చూశాడు. కర్మాగారంలో అతుకులు సరిగా కూర్చకపోవడం, జిగురు సరిగా పట్టకపోవడం పెద్ద లోపమని ఆ తర్వాతి విచారణల్లో తేలింది. నీళ్ళు దిగకుండా రెక్క అతుకు వెంట ప్లైవుడ్ పట్టీ వేయించారు. తప్పు మన వానమీదకు తోసేయడం సులువు. విప్పి చూసినవాళ్ళకే అది పనివాడి తప్పని తెలిసింది. మేం కూడా రెక్కను బోర్లించి, యూరియా బస్తాలు కత్తిరించి కుట్టిన చిన్న మూటల్లో ఇసుక నింపి, కొస నుంచి కొసకు 56 కిలోలు పేర్చాం. విమానం బరువుకు నాలుగింతలు. రెక్క కొసలు నాలుగు వేళ్ళంత వంగి, మూటలు దింపగానే మళ్ళీ లేచాయి. ఆ సాయంత్రం నలుగురం చాలాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు ఎదుటిపక్షం వాదన. డ్రోన్ ఉపయోగకరం, మోడల్ కాదు అంటారు. ఇదే మాట మా నాయిన ఇంకా సూటిగా అడిగాడు: "గింత కష్టపడ్తున్నరు గదరా, ఇది మందు కొడ్తదా?" కొట్టదని చెప్పాను. "మరి దేనికి?" అన్నాడు. రైతు అడిగిన ఆ ప్రశ్నను నేను కొట్టిపారెయ్యను. డ్రోన్లు ఊళ్ళలోకి వచ్చేశాయి, రావాలి కూడా. 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లిచ్చే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో ఆమోదించింది. మందు డబ్బా వీపున మోసుకుని వరిలో నడిచి, రాత్రికి తల తిరిగి పడిపోయే కూలీల బాధ తెలిసినవాడెవడూ వాటిని వద్దనడు. కాని మా పక్క ఊళ్ళో ఏం జరిగిందో వినండి. అద్దెకు తిప్పే ఒక మందు డ్రోన్ చింతకొమ్మకు తగిలి ఒక చెయ్యి విరిగింది. తగిన పురుగు మందు వారం లోపల పడాలి. విరిగిన చెయ్యి ఎక్కడికో వెళ్ళి, బాగై వచ్చేసరికి ఇరవై రోజులు. చుట్టుపక్కల అయిదారు ఊళ్ళలో దాన్ని విప్పడానికి ధైర్యం చేసినవాడు లేడు. డిగ్రీలు చదివినవాళ్ళు మాత్రం ఇంటికొకరున్నారు. ట్రాక్టరు చెడితే మేడ్చల్ రోడ్డు మీద పది షెడ్లున్నాయి. ఎందుకంటే ఒక తరం పిల్లలు నూనె చేతులతో దాన్ని విప్పారు. ఎగిరే యంత్రాలకు అట్లాంటి తరం ఎక్కణ్ణుంచి వస్తుంది? నాయినకు నేను చెప్పిన జవాబు ఇదే. ఆయన ఒప్పుకున్నాడని చెప్పను. మర్నాడు పాత కొడవలి పిడులు రెండు తెచ్చి మా బల్ల మీద పెట్టాడు, రంపాలకు పనికొస్తాయని.

కొన్న డ్రోన్‌లో ఇంకో చిక్కు కూడా ఉంది. దాని లోపల ఒక చిన్న పరికరం గాలి తోపునూ బరువు తేడానూ క్షణక్షణం సరిదిద్దేస్తుంది. ఎగరేసేవాడికి అసలు తేడా వచ్చిందనే తెలీదు. ఫోటోలు తీయడానికి అది వరం. నేర్చుకోవడానికి శాపం. మా మోడల్‌లో కూడా అట్లాంటి జైరో పెడదామని మా నలుగురిలో ఒకడి పట్టు, వద్దని ముగ్గురం. ఈ తగువు ఇంకా నడుస్తూనే ఉంది, వాడు గెలిచినా ఆశ్చర్యం లేదు.

ఖర్చు దాచను. ఇప్పటిదాకా మాకైంది నాయిన లెక్కలో రెండెకరాల మక్క పెట్టుబడి. ఇది డబ్బున్న పిల్లల సరదా అన్న విమర్శలో నిజముంది. ఒక్కడే చేసుకుంటే సరదానే. అందుకే కళాశాలలో గది కావాలంటున్నాను. ఒక వడ్రంగి బల్ల, రెండు రంపాలు, తూచడానికి త్రాసు, సాయంత్రం ఎనిమిదింటిదాకా తాళంచెవి. విమానం ఎవరికీ సొంతం కాకూడదు. హాస్టల్ పిల్లవాడు ఒక్క రూపాయి ఇవ్వకుండా వచ్చి పక్కటెముక పలక ఒకటి కోసి వెళ్ళగలగాలి. యూనియన్ ఇవ్వాల్సింది ఇంతే. బ్యాటరీలూ మోటార్లూ మేం ఎట్లాగో తెచ్చుకున్నాం.

గదికన్నా కష్టమైంది నేల. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 25 కిలోల లోపు మోడల్‌ను చదువు కోసం గాని, సరదా కోసం గాని కంటికి కనిపించేంత దూరంలో ఎగరేసుకోవచ్చు. దానికి టైపు సర్టిఫికెట్టు అక్కర్లేదు. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల ఎత్తు వరకు అనుమతి అడగక్కర్లేదు. కాని నడుస్తున్న విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యనైతే 200 అడుగులే. 8 కిలోమీటర్ల లోపలైతే అనుమతి లేకుండా నేల విడవకూడదు. ఎర్ర మండలమైతే ఆశే వదులుకోవాలి. మనకు పడమట దుండిగల్ వైమానిక అకాడమీ, దక్షిణాన హకీంపేట స్థావరం. ఆ రెంటి నడుమ పుట్టి పెరిగిన మేం శిక్షణ విమానాల చప్పుడును బట్టి పొద్దు చెప్పగలం. 2023 డిసెంబరు 4న దుండిగల్ నుంచి లేచిన శిక్షణ విమానం తూప్రాన్ దగ్గర కూలి గురువూ శిష్యుడూ ఇద్దరూ పోయారు. ఆ ఆకాశంలోకి మా 14 కిలోల చెక్కను అడ్డదిడ్డంగా పంపే హక్కు మాకు లేదు. పటం చూసి, అవసరమైన చోట ప్రిన్సిపాల్ గారి సంతకంతో అనుమతి తెచ్చుకునే ఎగరేస్తాం.

పటంలో పచ్చగా ఉన్న చోట్ల చూద్దామా అంటే, అక్కడ నేల పచ్చగా లేదు. శామీర్‌పేట చెరువు దాటి ఉత్తరానికి పోయినా, మేడ్చల్ దాటి పోయినా, రంగు రాళ్ళు పాతిన వెంచర్లే. వెంచర్లో వేసిన మట్టిరోడ్డు రన్‌వేకు భలే ఉంటుంది. అది కరెంటు స్తంభాలు లేచేదాకే. కళాశాల మైదానం చాలదు, అక్కడ మనుషులుంటారు. మాకు కావలసింది 150 మీటర్ల చదును, చుట్టూ జనసంచారం లేని పొలం, పైన తీగెలు లేకుండా.

మన పూర్వ విద్యార్థుల్లో చాలామందికి ఆ చుట్టుపక్కల ఇంకా భూములున్నాయి. వానాకాలం వరి కోత అయ్యాక యాసంగి నాట్లకు నీళ్ళు పెట్టేలోపు మడి నెల రోజులు ఎండి ఉంటుంది. గట్లు లేని పెద్ద చెలకైతే మరీ మంచిది. కొయ్యకాళ్ళు మేమే కోసుకుంటాం, నేల మేమే చదును చేసుకుంటాం, పని అయ్యాక ఒక్క మేకు కూడా మిగల్చకుండా ఏరుకుపోతాం. అట్లాంటి నేల ఉన్నవారు కోతలకు ముందే సైన్సు సంఘం కార్యదర్శికి ఒక మాట చెప్పాలి. ఆ చోటు ఏ మండలంలో పడుతుందో పటంలో మేం చూసుకుని వస్తాం.